కరువులో కట్టిన గుడి, ఎండలో వెలిగే కిటికీలు



కర్నూలు, కడప జిల్లాల వారికి ఎండ సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు. ఆదివారం ఆరాధన పదకొండు దాటిందంటే కిటికీ రెక్కలు మూసేస్తాము, కర్టెన్లు లాగేస్తాము. అయితే అదే ఎండ చేత సువార్త చెప్పిస్తున్న గుడి ఒకటి మన తెలుగు నేల మీదే ఉంది. అదే మెదక్ చర్చి. దానిని కట్టించిన చార్లెస్ వాకర్ పోస్నెట్ దొరగారి జీవితాన్ని ఈ వారం మీతో కలిసి తలపోసుకోవాలని ఆశిస్తున్నాము.

పోస్నెట్ గారు ఇంగ్లండు నుండి వచ్చిన వెస్లియన్ మెథడిస్టు మిషనెరీ. 1895లో సికింద్రాబాదు చేరుకొని, మొదట తిరుమలగిరి దండులో బ్రిటిషు సైనికుల మధ్య పరిచర్య చేశారు. కాని ఆయన మనసంతా పల్లెల మీదే ఉండేది. కొద్దికాలానికే నిజాం రాజ్యంలోని మెదక్‌కు గుర్రం మీద ప్రయాణమై వెళ్లారు. అప్పటికి అక్కడ విశ్వాసులు కొద్దిమందే. ఆ కొద్దిమందికి చిన్న గుడి చాలు. అయితే ఏటేటా సంఘము పెరిగింది. ఊరి బయట వాడల్లో ఉంచబడిన కుటుంబాలవారే ఎక్కువగా ప్రభువును నమ్ముకున్నారు. ఏ గుడి గడపా తొక్కనివ్వని ఆ ప్రజల కోసం గొప్ప ఆలయం లేవాలని దొరగారు ప్రార్థించారు.

1914లో పని మొదలైంది. అదే సంవత్సరం మొదటి ప్రపంచ యుద్ధమూ మొదలైంది. ఆ రోజుల్లోనే ఆ ప్రాంతాన్ని కరువు పట్టుకుంది. కరువంటే ఏమిటో మన సీమవారికి వేరే చెప్పాలా? 1876-78 నాటి ధాత కరువులో మన జిల్లాల్లో ఎన్ని ఊళ్లు పాడుబడ్డాయో అవ్వతాతల నోట వింటూ వచ్చినవాళ్లం మనం. అలాంటి సమయంలో గుడి పని ఆపేసి, ఉన్న డబ్బుతో గంజి పోయించమని ఎవరైనా సలహా ఇస్తారు. ఆ సలహాలో తప్పు లేదు. పోస్నెట్ గారు మాత్రం గంజినీ గుడినీ విడదీయలేదు. ఆకలితో వచ్చినవారికి గుడి కట్టే పని ఇచ్చి, ఆ పనికి తిండి పెట్టారు. చేయి చాచి తీసుకున్న కూటికీ, చెమటోడ్చి తిన్న కూటికీ తేడా ఉంది. మొదటిది ప్రాణం నిలుపుతుంది, రెండవది ప్రాణంతో పాటు మర్యాదనూ నిలుపుతుంది.

పదేళ్ల తరువాత, 1924 డిసెంబరు 25న, ఆ ఆలయం ప్రతిష్ఠ జరిగింది. గోతిక్ పద్ధతిలో, సిలువ ఆకారంలో కట్టారు. 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పు, 175 అడుగుల గోపురం. సుమారు ఐదు వేలమంది ఒక్కసారిగా ఆరాధించవచ్చు.

ఇక ఆ రంగుల కిటికీలు. బలిపీఠం వెనుక ప్రభువు ఆరోహణము, పడమట ఆయన జననము, తూర్పున ఆయన సిలువ. మూడింటినీ రూపొందించినవారు ఇంగ్లండు చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ.

ఈ కిటికీల పని ఐరోపాలో ఎనిమిది వందల ఏళ్ల కిందటి గోతిక్ కథీడ్రళ్లలో వర్ధిల్లింది. కరిగిన గాజులో కోబాల్టు కలిపితే నీలం, రాగి కలిపితే ఎరుపు, మాంగనీసు కలిపితే ఊదా రంగు వస్తాయి. ఆ గాజును ముక్కలుగా కోసి, ముఖాల గీతలు పైన గీసి కొలిమిలో కాల్చి, సీసపు పట్టీలతో ఒకదానికొకటి అతుకుతారు. చదువు కొద్దిమందికే ఉన్న ఆ కాలంలో బైబిలు కథలను సామాన్యుడు కిటికీలో చూసి నేర్చుకున్నాడు. ఫ్రాన్సులోని షార్త్ర్ కథీడ్రల్ కిటికీల అడుగున రొట్టెలు కాల్చేవారు, చెప్పులు కుట్టేవారు, వడ్రంగులు, రాతిపనివారు తమ తమ పనుల్లో ఉన్న బొమ్మలు నేటికీ కనబడతాయి. పరిశుద్ధుల పాదాల దగ్గర కష్టజీవికి చోటు దొరికింది.

మెదక్‌లో ఆ కిటికీలు ఎప్పుడు వచ్చాయో గమనించండి. ఆరోహణము 1927లో, జననము 1947లో, సిలువ 1958లో. ముందు కూలికి కూడు, తరువాత గుడి, ఆ తరువాతే గాజు. పోస్నెట్ గారు మెదక్‌లో ఉండగా అమరినది మొదటి కిటికీ ఒక్కటే. మిగిలిన రెండూ తరువాతి వారి చేతుల మీదుగా వచ్చాయి. అన్నీ నా కాలంలోనే పూర్తి కావాలి, అన్నిటి మీదా నా పేరే ఉండాలి అనే ఆత్రం ఆ గుడిలో కనబడదు.

ఈ వరుసే మనల్ని ప్రశ్నిస్తుంది. మన జిల్లాల్లోనూ గుళ్లు లేస్తున్నాయి. నాపరాయి తీసి గ్రానైటు పరుస్తున్నాము, దాతల పేర్లు చెక్కిస్తున్నాము. మంచిదే. అయితే ఆ బండలు మోసిన కూలీకి శనివారం సాయంత్రానికి కూలి అందిందా? వానలు లేక బెంగళూరుకు వలసపోయిన కుటుంబం, ఇంటి దగ్గర విడిచిన ముసలివారిని సంఘము ఆదివారం పలకరించిందా? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పుకున్న తరువాతే కిటికీల మాట. ఈ హెచ్చరిక మీకంటే ముందు మాకే అని ఒప్పుకుంటున్నాము.

మెదక్ వెళ్లేవారు పగటిపూటే వెళ్లండి. బయటి నుండి చూస్తే ఆ కిటికీలు మసిబారిన గాజులా ఉంటాయి. లోపలికి వచ్చి నిలబడిన వారికే ఆ రంగులు కనబడతాయి. పొద్దున తూర్పు ఎండ సిలువ గుండా వస్తుంది, సాయంత్రం పడమటి ఎండ పశువుల తొట్టి గుండా వస్తుంది. చీకటి పడితే గాజుకు సొంత వెలుగు లేదు. మన బ్రతుకులూ అంతే.

పేదవాని ఆకలిని ముందు చూచే కన్నులను, మన తరువాత వచ్చేవారికి పని మిగిల్చే వినయాన్ని ప్రభువు మన సంఘాలకు దయచేయును గాక. ఆమేన్.