ఆచార్య సూరి భగవంతముగారు

శాస్త్రపరిశోధన సీమవారి సొత్తని తలంచి వెనుదీయు విద్యార్థులు నేటికిని గలరు. అట్టివారి నిమిత్తము ఆచార్య సూరి భగవంతముగారి జీవితమును సంగ్రహముగా నిచట వ్రాయుచున్నాము.

భగవంతముగారు 1909వ సంవత్సరమున కృష్ణాజిల్లాలోని ఆగిరిపల్లియందు జన్మించిరి. హైదరాబాదు నిజాం కళాశాలలో చదివి, 1928లో కలకత్తాకేగి, రామనుగారి శిష్యులైరి. రామనుగారు తమ సుప్రసిద్ధ పరిశోధనాఫలమును కనుగొన్న సంవత్సరమదియే. పిమ్మట వాల్తేరులోని ఆంధ్రవిశ్వకళాపరిషత్తున ఆచార్యులైరి.

వారు మిక్కిలి శ్రమించినది స్ఫటికములనుగూర్చి. మగ్గముపై పడుగుపోగులవలె అణువులు సమానమైన యెడముతో వరుసలు దీరిన పదార్థమే స్ఫటికము. ఇట్టి క్రమనిర్మాణమున తరంగము ప్రవేశించినపుడు ప్రతి వరుసయు దానిని కొంత వెనుకకు మరల్చును. తరంగపు పొడవు వరుసల యెడమునకు రెండింతలైనచో, మరలిన అంశములన్నియు నేకమై బలపడును. తరంగము ముందునకు సాగజాలదు. క్రమనిర్మాణమున తరంగములకు గలుగు ఈ యాటంకమును ఇంగ్లండున రేలీ ప్రభువు 1887లోనే గణితముచే విచారించెను. నేడు గదులు గదులుగా కూర్చిన పదార్థములతో ధ్వనిని, అదురును అడ్డగించుటకు ఈ సూత్రమే ఆధారము.

భగవంతముగారు వాడినది చెవికి వినరానంత హెచ్చు స్వరముగల ధ్వని. దాని తరంగము అణువుల యెడముకన్న లక్షల రెట్లు పొడవగుటచే ఆ వరుసలు దాని నాపజాలవు. అయినను పలుచని స్ఫటికఫలకమునుండి అన్ని స్వరములును సమానముగా దాటవు. ఫలకపు మందము అర్ధతరంగమునకు సరియైన గుణిజమైనపుడే ధ్వని బాగుగా దాటును. తక్కినది చాలవరకు మరలివచ్చును. 1940ల దశకమున భగవంతముగారును భీమసేనాచారిగారును ఒకవైపు మందముగను, మరియొకవైపు పలుచగను కోసిన క్వార్ట్జు పలకచే అనేక స్వరములను పుట్టించిరి. దాటిన ధ్వని ద్రవమున ప్రవేశించి కాంతికిరణమును చీల్చును. దానిచే దాటిన స్వరము లేవియో గుర్తించిరి. అందుండి స్ఫటికమున ధ్వనివేగమును, ఆ వేగమునుండి స్ఫటికపు బిగువును లెక్కించిరి. స్ఫటికమును విరువకయే దాని బిగువు తెలిసెను.

స్ఫటికములలోని సౌష్ఠవమును భౌతికశాస్త్రమున కన్వయించు గణితగ్రంథమును వేంకటరాయుడుగారితో కలసి రచించి, 1948లో ప్రకటించిరి. 1952 మొదలు 1957 వరకు, మన కరీంనగరు, అదిలాబాదు విద్యార్థులు ఉన్నతవిద్యకై చేరుచుండిన ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులైరి. పిదప బెంగుళూరు విజ్ఞానసంస్థకు అధిపతులుగను, దేశరక్షణశాఖకు శాస్త్రసలహాదారులుగను పనిచేసి, 1989లో పరమపదించిరి.

మన గుట్టలలోని గ్రానైటురాతిలో మెరయు క్వార్ట్జు కణములును స్ఫటికములే. ఆగిరిపల్లి బాలుడు ప్రశ్నించినది ఇట్టి రాళ్లనే. బాలబాలికలారా, మీ కాలిక్రింది రాయియు మీ ప్రశ్నకై వేచియున్నదని మరువకుడు.