కాటిసీనులో జాషువ పద్యం

మహాకవి గుఱ్ఱం జాషువ 1895 సెప్టెంబరు 28న నేటి పల్నాడు జిల్లాలోని వినుకొండలో జన్మించారు. తల్లి లింగమాంబ, తండ్రి వీరయ్య. క్రైస్తవ కుటుంబంలో పుట్టిన ఆయన సంస్కృతకావ్యాలను, పురాణాలను శ్రద్ధతో అభ్యసించారు. కులం పేరిట పండితులలో కొందరు ఆయనను దూరముంచారు. పురాణగాథలను స్వీకరించినందుకు క్రైస్తవులలో కొందరు ఆక్షేపించారు. ఆయన దేనికీ వెరవలేదు. గుంటూరు లూథరన్ ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో బోధిస్తూ, కావ్యరచన కొనసాగించారు.

బలిజేపల్లి లక్ష్మీకాంతకవి ‘సత్యహరిశ్చంద్రీయం’ తెలుగునాట ప్రసిద్ధ నాటకం. అందులో సత్యం కోసం రాజ్యాన్ని వీడిన హరిశ్చంద్రుడు వీరబాహునికి అమ్ముడుపోయి కాటికాపరి అవుతాడు. ఆ ఘట్టంలో నటులు జాషువ ‘శ్మశానవాటి’ పద్యాలను చేర్చి పాడసాగారు. మృత్యువు ముందు రాజైనా, కవియైనా, అంత్యజుడైనా ఒక్కటేనని ఆ పద్యాలు చాటుతాయి. చక్రవర్తి చండాలుని సేవకుడైన సన్నివేశానికి అవి ప్రాణం పోశాయి. ఊరు వెలిగా చూసిన కవి పలుకులే ఊరి రంగస్థలంపై మారుమ్రోగాయి.

‘గబ్బిలం’తో అస్పృశ్యతను నిలదీసిన జాషువ, 1958లో ‘క్రీస్తు చరిత్ర’ను వెలువరించారు. దానికి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. ఆయన 1971 జూలై 24న కన్నుమూశారు. పురాణగాథనూ, క్రీస్తుగాథనూ సమానమైన ఆదరంతో చదివిన ఆ కవి, రెండింటిలోనూ మానవునే దర్శించారు.