కారణం అడిగిన భాగ్యరెడ్డి వర్మ

వైరాలో ఎవర్నైనా ఈ ఆచారం ఎందుకని అడగండి. పెద్దలు చేశారు గనక అంటారు. బుద్ధుడు కాలాములకు చెప్పింది వేరు: పరంపర అనో, గ్రంథంలో ఉందనో నమ్మకండి, మేలో కీడో తెలుసుకుని ఆచరించండి అని.

భాగ్యరెడ్డి వర్మ గారు అలా నడిచిన మనిషి. 1888లో పుట్టారు. 1906లో హైదరాబాదులో జగన్మిత్ర మండలి పెట్టి, చదువురాని మనవాళ్లకు హరికథలతో విషయాలు చెప్పించారు. జోగినీ ఆచారం దేవత పేరుతో వచ్చినా సరే, ఆడపిల్లకు కీడు గనక వద్దన్నారు. 1913లోనే బుద్ధ జయంతి జరిపారు. అంబేద్కర్ గారి దీక్షకు 43 ఏళ్ల ముందు సుమా!

1917 బెజవాడ సభ సంగతి నిదానంగా చదవండి. పిలిచింది పంచమ సభ అని. అధ్యక్షులు ఈయనే. పంచమ అనే మాట ఏ పురాణంలో ఉంది, మనం ఈ నేలకు మొదటి మనుషులం కదా అని నిలదీశారు. ఎవరో పెట్టిన పేరు మోయడానికి కారణం ఒక్కటీ దొరకలేదు. తేలాక వచ్చే ఏడాది చూద్దాం అనలేదు (మనమైతే అంటాం, నేనూ అంటాను). అక్కడికక్కడే అది ఆది ఆంధ్ర సభ అయింది.

నైజాంలో ఆది హిందూ పేరుతో పనిచేశారు. ఈ దేశపు తొలి జనం అని దానికి ఆయన అర్థం. 1931 జనాభా లెక్కల్లో ఆ పేరే ఎక్కింది.