మాటల వరుసలో దేవుణ్ణి వెదికినవాడు – అలెగ్జాండర్ క్రూడెన్



ఐదక్షరాల ఇంగ్లీషు మాట కావాలి, అందులో ఫలానా రెండు అక్షరాలుండాలి అని నేటి పిల్లలు ఫోనులో అడిగితే క్షణంలో జాబితా వస్తుంది. సేవకులు కూడా అలాగే వాక్యం వెదుకుతున్నారు. ఒక్క మాట కొడితే అది ఉన్న వచనాలన్నీ తెరమీద నిలుస్తాయి. ఆ పనిని కరెంటు దీపం కూడా లేని కాలంలో చేతితో, ఒంటరిగా చేసిన మనిషి ఒకడున్నాడు. ఇంగ్లీషులో వేదాంత విద్య చదివినవారికి ఆయన పుస్తకం తెలుసు. ఆయన బ్రతుకు తెలిసినవారు తక్కువ.

అలెగ్జాండర్ క్రూడెన్ 1699లో స్కాట్లాండులోని అబర్డీన్‌లో వర్తకుని ఇంట పుట్టాడు. అక్కడి మారిషల్ కళాశాలలో చదివాడు. సువార్త సేవకు వెళ్లాలనుకున్నాడు. కాని యౌవనంలో ఒక ప్రేమ విఫలమై మనసు చెదిరింది. ఊరివారు ఆయనను కొంతకాలం నిర్బంధంలో ఉంచారు. పిచ్చివాడన్న ముద్ర అప్పుడే పడింది, పరిచర్య తలుపు మూసుకుపోయింది.

తర్వాత లండను చేరి పిల్లలకు చదువు చెప్పాడు, అచ్చు ప్రతులలో తప్పులు దిద్దాడు. 1729లో డెర్బీ ప్రభువు ఇంట ఫ్రెంచి పుస్తకాలు చదివి వినిపించే కొలువు దొరికింది. కాగితంమీద ఫ్రెంచి వచ్చు, పలకడం రాదు. కొలువు పోయింది. నోటికి లొంగని అక్షరం ఆయన కంటికి మాత్రం బాగా లొంగింది. 1730లలో లండనులో పుస్తకాల దుకాణం పెట్టి, కరోలిన్ రాణికి పుస్తక విక్రేత అన్న గౌరవం కూడా పొందాడు.

ఆ దినాలలోనే ఆయన తన గొప్ప పనికి పూనుకున్నాడు. ఇంగ్లీషు బైబిలులో ఏడున్నర లక్షలకు పైగా మాటలున్నాయి. వాటిని అక్షరక్రమంలో పేర్చి, ఒక్కో మాట కింద అది వచ్చే వచనాలను గ్రంథం వరుసలో, చుట్టూ ఉన్న నాలుగు మాటలతో సహా రాశాడు. ఇరవై మూడవ కీర్తన ఎక్కడుందో మరచినవాడు కాపరి అన్న ఇంగ్లీషు మాటను దాని మొదటి అక్షరం కింద తీస్తే చాలు, దారి దొరుకుతుంది. ముఖ్యమైన మాటలకు అర్థాలు కూడా వివరించాడు. ఇంగ్లీషులో జాన్ మార్బెక్ 1550లోనే ఇలాంటి గ్రంథం తెచ్చినా, సామాన్య విశ్వాసి చేతికి అందినది మాత్రం క్రూడెన్ గ్రంథమే.

1737లో అది అచ్చయింది. రాణికి అంకితమిచ్చాడు. ఆమె ఆదరణ మీద ఎంతో ఆశ పెట్టుకున్నాడు. కొద్ది దినాలకే, నవంబరులో, రాణి కన్నుమూసింది. పెట్టిన సొమ్ము తిరిగి రాలేదు, దుకాణం మూతపడింది. మరుసటి సంవత్సరం ఆయనను బెత్నల్ గ్రీన్‌లోని ఒక ప్రైవేటు పిచ్చాసుపత్రిలో పెట్టి మంచానికి గొలుసుతో కట్టారు. కొన్ని వారాల తర్వాత ఆయన మంచాన్ని కోసుకొని, గోడ దాటి తప్పించుకున్నాడు. తనను బంధించినవారిమీద వ్యాజ్యం వేసి ఓడిపోయాడు. 1753లో మళ్లీ నిర్బంధం పాలయ్యాడు.

ఆయనకు నిజంగా మనోవ్యాధి ఉందా, విడ్డూరపు ప్రవర్తనను లోకం అలా పిలిచిందా అన్నది చరిత్రకారులు నేటికీ చర్చిస్తున్నారు. విడ్డూరాలు లేవని అనలేం. తనను తాను దిద్దుబాటుదారుడని పిలుచుకున్నాడు. గోడలమీది చెడ్డ రాతలు తుడవడానికి స్పాంజి పట్టుకు తిరిగాడు. జనం నవ్వారు.

అయితే 1762లో దొంగ వీలునామా కేసులో రిచర్డ్ పాటర్ అనే పేద నావికుడికి ఉరిశిక్ష పడినప్పుడు, నవ్వినవారెవరూ కదలలేదు. క్రూడెన్ చెరసాలకు వెళ్లాడు, అతనికి వాక్యం బోధించాడు, అధికారుల గుమ్మాలు పట్టుకు తిరిగాడు. ఉరి తప్పి దేశాంతరవాస శిక్షగా మారింది. న్యూగేట్ ఖైదీలకు కొత్త నిబంధనలు పంచాడు. సంకెళ్ల బరువు ఎరిగినవాడు సంకెళ్లలో ఉన్నవారిని మరువలేదు.

1761లో రెండవ కూర్పు, 1769లో మూడవది వచ్చాయి. ఈసారి గ్రంథం ఆయనకు గౌరవాన్నీ జీవనాన్నీ ఇచ్చింది. 1770 నవంబరు 1న ఇస్లింగ్టన్‌లోని తన గదిలో మోకాళ్లమీద, ప్రార్థనా భంగిమలో మరణించి కనబడ్డాడు. తన పాత కళాశాలలో పేద విద్యార్థి చదువుకు సొమ్ము విడిచి వెళ్లాడు.

ఆయన పుస్తకంతో ఎన్నో తరాల ప్రసంగీకులు ప్రసంగాలు సిద్ధపరచుకున్నారు. ఆ ప్రసంగీకులలో ఎందరు తమ సంఘంలో అలాంటి మనిషిని పక్కన కూర్చోబెట్టుకునేవారు? ఈ ప్రశ్న మనకూ ఉంది. మనసు చెదిరిన సహోదరుణ్ణి చూసి దయ్యమనీ, విశ్వాసం చాలదనీ తేల్చేసే అలవాటు మన సంఘాలలో పోలేదు. వైద్యం మాన్పించి ప్రార్థన మందిరాలలో కట్టివేసిన సంగతులు ఈ దేశంలో జరిగాయి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగిని గొలుసులతో కట్టడాన్ని నిషేధించింది. చట్టం చెప్పకముందే సంఘం చెప్పవలసిన మాట అది. గెరాసేనుల దేశంలో సమాధుల మధ్య తిరిగినవానిని ఊరు సంకెళ్లతో కట్టింది. ప్రభువు అతణ్ణి స్వస్థచిత్తునిగా ఇంటికి పంపాడు.

ప్రార్థన చేద్దాం, వైద్యుని దగ్గరకూ తోడు వెళ్దాం. ఆదివారం ఆరాధనలో ఆ కుటుంబానికి చోటిద్దాం. ఆ మనిషి చేతికి ఒక పని అప్పగిద్దాం. లోకం పక్కన పెట్టిన మాటను కూడా దాని వరుసలో, దాని చోట నిలబెట్టినవాడు క్రూడెన్. మనుషుల విషయంలో సంఘం చేయవలసినదీ అదే.