జారిపోయే ఫాస్ఫేట్‌ను పట్టుకున్న యల్లాప్రగడ సుబ్బారావు

క్యాన్సర్ మీద పనిచేసే ప్రయోగశాలల ఫ్రీజర్లలో చిన్న చిన్న గొట్టాల్లో యాంటీబాడీలు భద్రంగా ఉంటాయి. కొన్నింటి పేరు ముందు ‘ఫాస్ఫో’ అని రాసి ఉంటుంది. ఫాస్ఫో-ఈఆర్‌కే యాంటీబాడీ అలాంటిదే. ఈఆర్‌కే అనేది ఒక ప్రొటీన్. కణం పెరగాలి, విభజన చెందాలి అనే కబురును లోపలికి మోసే వాటిలో ఇదొకటి. కబురు లేనంతసేపూ ఊరికే పడి ఉంటుంది. కబురు రాగానే దాని మీద రెండు చోట్ల, అంటే 202వ స్థానంలో ఉన్న థ్రియోనిన్‌కు, 204వ స్థానంలో ఉన్న టైరోసిన్‌కు ఫాస్ఫేట్ అతుక్కుంటుంది. అప్పుడు పనిలోకి దిగుతుంది. ఫాస్ఫేట్ ఉన్న ఈఆర్‌కేను ఈ యాంటీబాడీ పట్టుకుంటుంది, లేనిదాన్ని వదిలేస్తుంది. కణంలో కబురు నడుస్తోందా లేదా అన్నది అలా తెలుస్తుంది.

ఆ ఫాస్ఫేట్ వచ్చేది ఏటీపీ అనే అణువు నుంచి. ఏటీపీని 1929లో లోకానికి చూపించిన ముగ్గురిలో ఒకరు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. తెలుగునాట ఆయన పేరెత్తగానే మందుల జాబితా చదువుతారు, నోబెల్ రాలేదని బాధపడతారు. ఆయన యవ్వనమంతా తినేసిన ఫాస్ఫేట్ లెక్క గురించి మాట్లాడేది తక్కువ.

సుబ్బారావు 1895 జనవరి 12న పుట్టారు. తండ్రి రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. చదువు సాఫీగా సాగలేదు. మెట్రిక్యులేషన్ గట్టెక్కడానికి మూడుసార్లు రాయాల్సి వచ్చింది. స్ప్రూ అనే జబ్బు ఇంట్లో సోదరులను బలిగొంది. తిన్నది ఒంటబట్టక, విరేచనాలతో, రక్తహీనతతో మనిషి కరిగిపోయే జబ్బు అది. మద్రాసు వైద్య కళాశాలలో చదివేటప్పుడు గాంధీ పిలుపు విని ఖద్దరు గౌను వేసుకుని ఆపరేషన్ గదిలోకి వెళ్లారు. ఇంగ్లిష్ ప్రొఫెసర్‌కు అది నచ్చలేదు. చివరికి చేతికొచ్చింది ఎంబీబీఎస్ కాదు, అంతకన్నా తక్కువదైన ఎల్‌ఎంఎస్. కొన్నాళ్లు మద్రాసులోనే ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పి, 1920ల మొదట్లో మామగారి సాయంతో ఓడెక్కి బోస్టన్ చేరారు. భార్య శేషగిరి ఇక్కడే ఉండిపోయారు. ఆ తర్వాత ఆ ఇద్దరూ మళ్లీ కలుసుకోలేదు. పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు. తండ్రి ఆ బిడ్డను చూడనేలేదు.

హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల మీద డిప్లొమా చేస్తూ, పొట్టకూటికి ఆస్పత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్రాల పాత్రలు శుభ్రం చేశారు. ఆ తర్వాత జీవరసాయన శాస్త్ర విభాగంలో సైరస్ ఫిస్క్ దగ్గర చేరారు. ఇద్దరూ కలిసి 1925లో ఒక పద్ధతి ప్రకటించారు. ఆమ్లం కలిపిన మాలిబ్డేట్ ద్రావణం ఫాస్ఫేట్‌తో కలుస్తుంది. దానికి మరో రసాయనం చేరిస్తే నీలిరంగు వస్తుంది. రంగు ఎంత ముదిరితే ఫాస్ఫేట్ అంత ఎక్కువ ఉన్నట్టు. చూడటానికి వంటింటి చిట్కాలా ఉన్నా, ఆ పద్ధతి దశాబ్దాలపాటు ప్రపంచమంతటా ప్రయోగశాలల్లో నడిచింది.

అసలు కథ ఆ రంగు ఆలస్యంగా రావడంతో మొదలైంది. కండరం నుంచి తీసిన ద్రవంలో నీలిరంగు వెంటనే రాకుండా మెల్లగా ముదురుతోంది. పరీక్షలో ఏదో లోపమని వదిలేసి ఉంటే అక్కడితో అయిపోయేది. ఆ ద్రవంలో ఫాస్ఫేట్ మొదట విడిగా లేదు, ఏదో పదార్థానికి వదులుగా అతుక్కుని ఉండి, ఆమ్లం తగిలి కొద్దికొద్దిగా ఊడి వస్తోందని వాళ్లు గ్రహించారు. అంతకుముందు కండరంలో విడిగా ఉందనుకున్న ఫాస్ఫేట్‌లో చాలా భాగం పరీక్ష చేసేవారి చేతిలోనే విడిపోయిందన్నమాట. 1927లో ఆ పదార్థానికి ఫాస్ఫోక్రియాటిన్ అని పేరు పెట్టారు. కండరం పనిచేస్తే అది తరుగుతుంది, విశ్రాంతి ఇస్తే మళ్లీ పెరుగుతుంది. కండరం బిగుసుకోవడానికి లాక్టిక్ ఆమ్లమే మూలమన్న హిల్, మయర్‌హాఫ్‌ల సిద్ధాంతం అప్పటికే 1922 నోబెల్ అందుకుని ఉంది. దాని పునాది కదిలింది. ఇంగ్లండ్‌లో ఎగల్‌టన్ దంపతులు కూడా అదే ఏడాది అదే పదార్థం దాకా వచ్చారు.

1929లో ఏటీపీ బయటపడింది. జర్మనీలో కార్ల్ లోమాన్, బోస్టన్‌లో ఫిస్క్, సుబ్బారావు ఎవరికి వారుగా కనుగొన్నారు. ఏటీపీ సుబ్బారావు ఒక్కరి ఘనతే అని మనవాళ్లు రాసేది సరికాదు. నిజం అంతకన్నా తక్కువేమీ కాదు, పెంచి చెప్పాల్సిన అవసరమూ లేదు. ఫిస్క్ అసూయ వల్ల సుబ్బారావు పని కొంత వెలుగు చూడలేదని అదే ప్రయోగశాలలో చదువుకున్న జార్జ్ హిచింగ్స్ తర్వాత కాలంలో అన్నారు. హిచింగ్స్ నోబెల్ గ్రహీత. ఆ మాటను తేలిగ్గా తీసేయలేం.

హార్వర్డ్ శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో సుబ్బారావు న్యూయార్క్ రాష్ట్రంలో పెర్ల్ రివర్‌లోని లెడర్లీ ప్రయోగశాలకు మారారు. మిగిలింది చాలామందికి తెలిసిందే. ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసింది. స్ప్రూ రోగులకు అది పనికొచ్చింది, సోదరులు పోయిన పాతికేళ్లకు పైగా గడిచాక. ఫోలిక్ ఆమ్లానికి అడ్డుపడే అమినాప్టెరిన్ కూడా అక్కడి నుంచే వచ్చింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దాన్ని లుకేమియా పిల్లలకు వాడితే 16 మందిలో 10 మందికి జబ్బు తాత్కాలికంగా తగ్గింది. ఆ ఫలితం 1948 జూన్‌లో అచ్చయింది. దాని దగ్గరి బంధువు మెథోట్రెక్సేట్‌ను ఇప్పటికీ వాడుతున్నారు. బోదకాలుకు వాడే డీఈసీ మందు కూడా ఆ ప్రయోగశాలదే. ఆరియోమైసిన్‌ను కనుగొన్నది మాత్రం బెంజమిన్ డగ్గర్, అప్పుడు పరిశోధన విభాగానికి అధిపతి సుబ్బారావు.

1948 ఆగస్టులో నిద్రలోనే గుండె ఆగిపోయింది. వయసు 53.

ఏటీపీ ఇచ్చే ఫాస్ఫేట్ ఒక ప్రొటీన్‌ను పనిలోకి దింపుతుందని ఫిషర్, క్రెబ్స్ 1955లో చూపించారు. అప్పటికి ఆయన పోయి ఏడేళ్లు. ఫాస్ఫేట్ అంటిన టైరోసిన్‌ను గుర్తుపట్టే యాంటీబాడీల గురించి 1981లో పరిశోధన పత్రం వచ్చింది. ఆ తర్వాత ఒక్కో ప్రొటీన్‌కు విడివిడిగా యాంటీబాడీలు తయారయ్యాయి. ఇందుకు ప్రొటీన్‌లో ఒక చిన్న ముక్కను ఫాస్ఫేట్‌తో సహా తయారుచేసి కుందేలుకు ఎక్కిస్తారు. దాని రక్తంలో పుట్టిన యాంటీబాడీల్లో ఫాస్ఫేట్ లేని ముక్కకు కూడా అంటుకునేవాటిని ఏరి తీసేస్తారు.

ఇంత చేసినా పాత చిక్కు పోలేదు. కణాలను పగలగొట్టిన క్షణం నుంచి వాటిలోని ఎంజైములు ఈఆర్‌కే మీది ఫాస్ఫేట్‌ను ఊడదీయడం మొదలుపెడతాయి. అందుకే గొట్టాన్ని ఐస్‌లో గుచ్చుతారు, ఆ ఎంజైములను ఆపే మందు ముందే కలుపుతారు. పక్కనే ఫాస్ఫేట్‌తో సంబంధం లేకుండా మొత్తం ఈఆర్‌కేను చూపించే మరో యాంటీబాడీతో సరిచూస్తారు. లేకపోతే ప్రొటీన్ అసలు మేల్కొనలేదో, మేల్కొన్నాక గొట్టంలోనే ఫాస్ఫేట్ పోగొట్టుకుందో తెలియదు.