ఆ మాత్ర జేబులో వేసుకుంటున్నారా? దాని వెనుక ఓ భీమవరం బిడ్డ కథ ఉంది.. ఎల్లాప్రగడ సుబ్బారావు ఎవరో తెలుసా?

అనకాపల్లి: ఆరోగ్య సిబ్బంది ఇంటికొచ్చి బోదకాలు మాత్రలు ఇస్తారు. చాలామంది తీసుకుంటారు, తర్వాత వేసుకుంటాం అంటారు. అవి అలాగే అల్మారాలో ఉండిపోతాయి. ఉత్తరాంధ్ర నుంచి గోదావరి జిల్లాల దాకా బోదకాలు కొత్త జబ్బేం కాదు. వాచిన కాలితో జీవితాంతం నడిచిన పెద్దవాళ్లు చాలా ఊళ్లలో కనిపిస్తారు. మరి ఆ జబ్బుకు వాడే డీఈసీ మాత్ర తయారు చేయించింది మన తెలుగువాడే అని ఎంతమందికి తెలుసు?

ఆయనే డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావు.

కాశీకి పారిపోబోయిన కుర్రాడు

1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. ఇంట్లో పేదరికం. 13 ఏళ్లప్పుడు కాశీ వెళ్లి యాత్రికులకు అరటిపళ్లు అమ్మి డబ్బు సంపాదిద్దామని ఇంట్లోంచి పారిపోబోయారు. దారిలోనే పట్టుకుని వెనక్కి తీసుకొచ్చారు. మెట్రిక్ మూడో ప్రయత్నంలో గానీ పాస్ కాలేదు.

ఆ తర్వాత ఇద్దరు అన్నదమ్ములు కొద్ది రోజుల తేడాలోనే చనిపోయారు. ఆ జబ్బు పేరు స్ప్రూ. విరేచనాలతో, రక్తం తగ్గిపోయి మనిషి చిక్కి శల్యమైపోతాడు. అప్పట్లో దానికి సరైన మందు లేదు.

మద్రాస్ మెడికల్ కాలేజీలో చదువుతుండగా గాంధీజీ పిలుపుతో ఖద్దరు కట్టారు. అది ఇంగ్లిష్ ప్రొఫెసర్‌కు నచ్చలేదు. దాంతో ఎంబీబీఎస్ బదులు తక్కువ స్థాయి ఎల్ఎంఎస్ సర్టిఫికెట్‌తో సరిపెట్టుకోవాల్సి వచ్చింది.

ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ

మామగారి సాయం, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ చారిటీస్ అండతో 1923లో అమెరికాలోని బోస్టన్ చేరారు. హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల కోర్సులో చేరారు. ఖర్చుల కోసం రాత్రిళ్లు ఆస్పత్రిలో రోగుల మలమూత్రాల పాత్రలు శుభ్రం చేశారు. భార్య శేషగిరి ఇక్కడే ఉండిపోయారు. ఆయన మళ్లీ ఇండియాకు రానేలేదు.

హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కే దగ్గర పనిచేస్తూ రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి కనిపెట్టారు. కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీల మీద కీలక పరిశోధన చేశారు. ఇంత చేసినా అక్కడ పర్మనెంట్ ఉద్యోగం దక్కలేదు. 1940లో లెడర్లీ కంపెనీకి వెళ్లారు. తర్వాత అక్కడి పరిశోధన విభాగానికి డైరెక్టర్ అయ్యారు.

ఆఖరి మూడేళ్లలో వరుసగా మందులు

1945లో ఆయన టీమ్ ఫోలిక్ యాసిడ్‌ను ల్యాబ్‌లో తయారు చేసింది. అన్నదమ్ముల్ని తీసుకెళ్లిన స్ప్రూకు ఇదే మందుగా పనికొచ్చింది. ఇప్పుడు గర్భిణులకు ఇచ్చే ఐరన్ మాత్రల్లో ఉండేదీ ఇదే.

రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవులకు వెళ్లిన అమెరికా సైనికులకు ఫైలేరియా సోకింది. లెడర్లీలో ఎలుకలు, కుక్కల్లో ఉండే ఆ జాతి పురుగుల మీద రసాయనాలు వరుసగా పరీక్షించారు. అలా 1947లో డీఈసీ వచ్చింది. రక్తంలో తిరిగే పిల్ల పురుగుల్ని అది తుడిచేస్తుంది.

1948లో ఆరియోమైసిన్ వచ్చింది. మట్టిలోని సూక్ష్మజీవి నుంచి దాన్ని పట్టుకున్నది సుబ్బారావు టీమ్‌లోని బెంజమిన్ డుగ్గర్. టెట్రాసైక్లిన్ మందుల్లో ఇదే మొదటిది. పెన్సిలిన్‌కు లొంగని టైఫస్ లాంటి జ్వరాల మీద కూడా పనిచేసింది. ఇప్పుడు స్క్రబ్ టైఫస్‌కు డాక్టర్లు రాసే డాక్సీసైక్లిన్ ఆ కుటుంబంలోదే. పిల్లల బ్లడ్ క్యాన్సర్‌పై వాడిన తొలి మందుల్లో ఒకటైన అమినోప్టెరిన్ కూడా ఆయన ల్యాబ్ నుంచే వెళ్లింది.

ఆరియోమైసిన్ ప్రపంచానికి పరిచయమైన కొద్ది వారాలకే, 1948 ఆగస్టులో, నిద్రలోనే గుండె ఆగి సుబ్బారావు కన్నుమూశారు. వయసు 53. అప్పటికి ఆయన అమెరికా పౌరసత్వం కూడా తీసుకోలేదు. నోబెల్ రాలేదు. 1995లో శతజయంతికి భారత ప్రభుత్వం ఆయన పేరిట స్టాంపు విడుదల చేసింది.

మరి మనం ఏం చేయాలి?

ఒకసారి బాగా వాచిన కాలిని డీఈసీ మామూలుగా చేయలేదు. కానీ పిల్ల పురుగులు రక్తంలో లేకపోతే, కుట్టిన దోమ ఆ జబ్బును పక్కింటికి మోసుకెళ్లలేదు. అందుకే ఏ లక్షణమూ లేనివాళ్లు కూడా వేసుకోవాలి. రెండేళ్లలోపు పిల్లలు, గర్భిణులు, తీవ్రంగా జబ్బుపడ్డవాళ్లకు మాత్రం ఇవ్వరు. మిగతావాళ్లు ఏదైనా తిన్నాక, సిబ్బంది ముందే మింగాలి.

మందు లేక అన్నదమ్ముల్ని పోగొట్టుకున్న మనిషి పనిచేసిన ల్యాబ్‌లో పుట్టిన మందు ఇది. ఈసారి గుమ్మం ముందుకొస్తే అల్మారాలో పెట్టకండి.