దుషేన్ మహాశయుడు – విద్యుచ్చికిత్స

పక్షవాతముతో పడిపోయిన చేతికి కరెంటు పెట్టించుట నేడు మచిలీపట్నము, గుడివాడ వాసులకు క్రొత్త మాట కాదు. ఆ కరెంటు వెనుక ఒక ఫ్రెంచి వైద్యుని జీవితమున్నదని ఎరిగినవారు మాత్రము అరుదు.

గియోమ్ దుషేన్ 1806లో ఫ్రాన్సులోని బులోన్ పట్టణమున జన్మించినాడు. మన బందరువలె అదియు రేవుపట్టణమే, చేపల పడవల ఊరే. నావికుల ఇంట పుట్టియు అతడు సముద్రమును కాదని పారిస్‌లో వైద్యము చదివి, 1831లో పట్టము పొందినాడు. స్వస్థలమున వైద్యము చేయుచుండగా భార్య ప్రసవానంతర జ్వరముతో మరణించినది. అత్తవారు నింద అతనిపై మోపి బిడ్డను తమవద్దనే ఉంచుకొన్నారు. తండ్రీకొడుకులు ఏండ్ల తరబడి వేరైనారు.

1842లో మరల పారిస్ చేరినాడు. ఉద్యోగము లేదు, ఆచార్య పదవి లేదు. కరెంటు పెట్టె చేతబట్టి ఆస్పత్రుల వెంట తిరిగినాడు. కొందరు వైద్యులు నవ్వినారు. రోగి వేరొక ఆస్పత్రికి మారినచో అక్కడికిని వెళ్ళి పరీక్షించెడివాడు. ఇట్టి పట్టుదలను మేము మరియొకచోట చదివి ఎరుగము.

అంతకు పూర్వము సూదులు గ్రుచ్చి కరెంటు పంపెడివారు. దుషేన్ తడిపిన ఎలక్ట్రోడులను చర్మముపైననే ఉంచి, ఒక్కొక్క కండరమును విడివిడిగా కదలించినాడు. అప్పుడొక సంగతి తేటపడినది. నరము తెగి చచ్చుబడిన కండరము కొలది దినములకే ఈ కరెంటునకు కదలుట మానును. మెదడు దెబ్బతిని చచ్చుబడినచో కదలును. అనగా ఆ కండరము బ్రతికియే యున్నది, పైనుండి ఆజ్ఞ అందుటలేదు. తూము మూతపడినదే గాని చేను చవుడు బారలేదన్నచో దివిసీమ రైతు ఇట్టే గ్రహించును.

మెదడు దెబ్బతో మంచమెక్కినవానిని ఇక లేవడని వదలివేయు కుటుంబములు మన పల్లెలలో నేటికిని ఉన్నవి. వారి కొరకే మేమీ సంగతిని ఇంతగా చెప్పుచున్నాము. కరెంటు ఒక్కటియే చేతిని తిరిగి తేజాలదు. రోగియు కదలింప యత్నించుచు నిత్యము సాధన చేయవలెను.

దుషేన్ గ్రంథము 1855లో వెలువడినది. 1961లో అమెరికాలో లిబర్సన్ అను వైద్యుడు, పక్షవాత రోగి మడమ నేలను విడువగానే కరెంటు ప్రసరించి, ఈడ్చుకొనిపోవు పాదమును పైకెత్తు సాధనమును ప్రకటించినాడు. ఆ దారి దుషేన్ వేసినదే.

ముఖ కండరములను కరెంటుతో కదలించి దుషేన్ తీయించిన ఛాయాచిత్రములను డార్విన్ 1872లో తన గ్రంథమున వాడుకొన్నాడు. ప్రఖ్యాత వైద్యుడు షార్కో ఇతనిని గురువుగా అంగీకరించినాడు. పెద్దవాడై వైద్యుడైన కుమారుడు చివరకు తండ్రిని చేరుకొన్నాడు గాని, టైఫాయిడ్‌తో తండ్రికంటె ముందే కన్నుమూసినాడు. 1875 సెప్టెంబరులో మెదడున రక్తస్రావమై దుషేన్ మరణించినాడు.